టెర్మినల్ ఈమెయిలుకు పీజీపీ: ఫిల్టరు మేలా, పీజీపీ/మైమ్ మేలా?

టెర్మినల్‌లోనే ఈమెయిలు చూసుకొనేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఉత్తరాలకు డిజిటల్ సంతకం పెట్టే, వాటిని గుప్తీకరించే పీజీపీ పద్ధతి కోసం, ఉన్న ప్రోగ్రాముకు గ్నూపీజీని (ఆ పద్ధతిని అమలుచేసే ప్రోగ్రామును) ఫిల్టరుగా, అంటే ఉత్తరపు పాఠం దాని గుండా వెళ్లేలా, తగిలించుకుంటే చాలదా, పీజీపీ/మైమ్ (జోడింపులతో సహా ఉత్తరం మొత్తానికి పీజీపీని వర్తింపజేసే ప్రమాణం) తెలిసిన ప్రోగ్రాముకే మారాలా? ఆల్పైన్ అనే టెర్మినల్ ఈమెయిలు ప్రోగ్రామును ఫిల్టర్లతో చాలాకాలం నడిపి, ఈమధ్యనే అలాంటిదే అయిన మట్‌కు మారినవాణ్ని కనుక రెండు పక్షాలూ నాకు తెలుసు.

ఫిల్టరు పద్ధతిలో ఉన్న సుఖం కాదనలేనిది. ఆల్పైన్‌లో పంపేటప్పుడు ఒక ఫిల్టరునూ, తెరపై చూపేటప్పుడు మరొక ఫిల్టరునూ పెట్టుకోవచ్చు. అవతలివారికి పీజీపీ లేకపోయినా సంతకం చేసిన ఉత్తరాన్ని మామూలుగానే చదువుకోగలరు. అయితే ఫిల్టరుకు అందేది ఉత్తరంలోని పాఠం మాత్రమే కనుక, జోడించే ఫైళ్లను విడిగా గుప్తీకరించుకోవలసిందే. నేను రాసుకొన్న స్క్రిప్టులో నా సొంత కీని (గుప్తీకరణ తాళంచెవిని) కూడా గ్రహీతల్లో చేర్చడం మరచిపోయి, పంపిన ఉత్తరాలను నేనే తెరవలేని స్థితి తెచ్చుకొన్నాను; ఆ తప్పు పూర్తిగా నాదే.

నా దృష్టిలో అసలు తేల్చవలసినది అక్షరాల ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) దగ్గర ఉంది. సంతకం పడేది కంటికి కనిపించే అక్షరాల మీద కాదు, వాటి వెనుక ఉన్న బైట్ల మీద. తెలుగులో ‘క’ అన్న ఒక్క అక్షరమే యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఫిల్టరు పెట్టే ఇన్‌లైన్ సంతకంలో (పాఠంలోనే కలిసిపోయే సంతకంలో) ఆ బైట్లది ఏ ఎన్‌కోడింగో చెప్పే హెడరు (ఉత్తరం పైన ఉండే సమాచార వరుస) సంతకానికి బయటే ఉండిపోతుంది కాబట్టి, చదివే ప్రోగ్రాము పాఠాన్ని మరో ఎన్‌కోడింగ్‌లోకి మార్చి ఫిల్టరుకు ఇస్తే, ఒక్క గుణింతమైనా మారినట్టు కనిపించదు గాని సంతకం చెల్లదు. సంతకం చేశాక ఎడిటరు పొడవైన వరుసను విరిచినా అదే గతి. ఉత్తరం చివర మన పేరుకు ముందు పెట్టే ‘-- ’ అన్న వరుస కూడా ‘- -- ’ అయిపోతుంది. దానిని గుర్తుపట్టలేని ప్రోగ్రాములు జవాబులో మన పేరు, చిరునామాలతో సహా అంతా ఎత్తిరాస్తాయి. ‘సంతకం చెల్లదు’ అన్న హెచ్చరికను పదిసార్లు ఉత్తపుణ్యానికి చూసినవారు, నిజంగా ఎవరో మార్చిన ఉత్తరం వచ్చిన రోజున కూడా పట్టించుకోకుండా దాటేస్తారు.

1996లో ఆర్‌ఎఫ్‌సీ 2015 అన్న ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో మొదలై 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3156గా సవరించబడిన పీజీపీ/మైమ్‌లో ఈ బెడద చాలావరకు తప్పుతుంది. పాఠమూ, దాని ఎన్‌కోడింగ్‌ను చెప్పే హెడరూ, జోడింపులూ కలిసి సంతకం కిందికి వస్తాయి. సంతకం చేసే ముందే అన్నిటినీ 7 బిట్ల రూపంలోకి మార్చాలన్నది నియమం కనుక దారిలోని సర్వర్లకు మార్చే అవసరమే రాదు. మట్‌లో ఉత్తరం పంపే ముందు ‘పీ’ నొక్కి, సంతకానికి ‘ఎస్’, గుప్తీకరణకు ‘ఈ’, రెండూ కావాలంటే ‘బీ’ నొక్కితే సరి. ఈమాక్స్ ఎడిటరు వాడేవారికి అందులోని గ్నస్ అనే ఈమెయిలు ప్రోగ్రాములోనూ ఇదే సౌకర్యం ఉంది. విషయపు వరుస (సబ్జెక్ట్) మాత్రం మామూలుగా ఏ పద్ధతిలోనూ దాగదు; రహస్యాన్ని అక్కడే రాసేవారిని నేను చూశాను.

ధ్రువపత్రాలతో ఇదే పని చేసే ఎస్/మైమ్ సంగతికొస్తే, పనిచేసేచోట ఆ ధ్రువపత్రాలు ఇస్తూ ఉంటే వాడుకోండి. ఆల్పైన్, మట్ రెండింటిలోనూ ఉంది.

న్యూస్‌గ్రూపుల (యూజ్‌నెట్‌లోని బహిరంగ చర్చా వేదికల) దగ్గర మాత్రం నా మాట మారుతుంది. అందరూ చదివే చోట గుప్తీకరణకు అర్థం లేదు, కావలసింది సంతకమే. అక్కడ చాలామంది వాడే పాత ప్రోగ్రాములకు పీజీపీ/మైమ్ సంతకం అక్కరలేని జోడింపుగా కనిపిస్తుంది. గ్రూపులను సృష్టించే, తొలగించే కంట్రోల్ సందేశాలకు ఎక్స్-పీజీపీ-సిగ్ అన్న హెడరులో సంతకం పెట్టే చక్కని ఏర్పాటు ఉంది గాని, మామూలు పోస్టుల్లో దానిని సరిచూసేవారు అరుదు. అందుచేత ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్ అనే న్యూస్‌గ్రూపు ప్రోగ్రాములో నేను ఎడిటరు నుంచే ఇన్‌లైన్ సంతకం చేస్తాను. మొదటిసారి పరీక్షల గ్రూపుకు పంపి, అదే పోస్టును వేరొక ప్రోగ్రాముతో దించుకొని సంతకం సరిపోయిందని చూసుకొన్నాకే అసలు గ్రూపులో రాయడం మొదలుపెట్టాను.