విలియమ్స్‌బర్గ్: వీధి కంటే ముందు మ్యూజియం చూడండి

వర్జీనియాలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే, వాషింగ్టన్, నయాగరా అయ్యాక విలియమ్స్‌బర్గ్ వంతు వస్తుంది. చాలామంది డ్యూక్ ఆఫ్ గ్లాస్టర్ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తారు, పాతకాలం బట్టలు వేసుకున్న కమ్మరి పక్కన నిలబడి ఫొటో దిగుతారు, పిల్లలు గోల పెడితే బుష్ గార్డెన్స్ వినోద పార్కుకి వెళ్లిపోతారు. వీధి బాగుంటుంది, కాదనను. కానీ అసలు సరుకంతా నాసౌ స్ట్రీట్‌లోని ఆర్ట్ మ్యూజియంలలో ఉంది.

ఈ ఊరు 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక దీన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1926 నుంచి ఇక్కడి చర్చి ఫాదర్ గుడ్‌విన్ పట్టుదలతో, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో ఊరిని మళ్లీ నిలబెట్టారు. నిజంగా ఆనాటి కట్టడాలు ఎనభై పైచిలుకు ఉన్నాయి. మిగతావి పాత పునాదుల మీద కొత్తగా కట్టినవి. గవర్నర్ ప్యాలెస్ 1781లోనే కాలిపోయింది, ఇప్పుడు మనం చూసేది 1930లలో కట్టింది. మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న కుర్చీలు, వెండి గిన్నెలు, పింగాణీ, పటాలు మాత్రం ఆ కాలానివే.

ఒకే కప్పు కింద రెండు మ్యూజియంలు ఉన్నాయి. ఒకటి ఇంటి సామాను, బట్టలు, చిత్రాల డివిట్ వాలెస్ మ్యూజియం. రెండోది జానపద కళలది, రాక్‌ఫెల్లర్ జూనియర్ భార్య ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ పేరు మీద ఉంది. 2020లో భవనాన్ని బాగా పెంచారు. లిఫ్ట్, ఏసీ, కూర్చోవడానికి బెంచీలు అన్నీ ఉన్నాయి. జులై ఎండలో మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారితో వెళ్లినదాన్ని కాబట్టి వీటి విలువ నాకు బాగా తెలుసు. బయటి పాత ఇళ్లలో మెట్లు, ఇరుకు గదులు, నిలబడి వినే టూర్లు. పెద్దవాళ్లు గంటలోనే అలిసిపోతారు.

బట్టల దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. పద్దెనిమిదో శతాబ్దపు ఆడవాళ్ల గౌనుల్లో, పడక పరదాల్లో మన తూర్పు తీరం అద్దకం బట్ట ఉంది. అత్తయ్యగారిది పెడన పక్క ఊరు. అద్దానికి మొహం ఆనించి, "ఇది మన అద్దకమే కదమ్మాయ్, ఆ ఎరుపు చూడు" అన్నారు. ఆ ఎరుపు పటిక, చిరివేరు కలిసి ఇచ్చే రంగు. ఉతికినా పోదు కాబట్టే యూరప్ దాని కోసం ఎగబడింది. తమ నేతగాళ్లు గొడవ చేస్తే ఇంగ్లండ్ 1720లలో ఇలాంటి బట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది, కానీ అమెరికాలోని తన వలస రాజ్యాలకు అమ్ముకోవడం మాత్రం ఆపలేదు. లేబుల్ మీద ఇవన్నీ ఉండవు, 'కోరమాండల్ తీరం' అని ఒక్క ముక్క ఉంటుంది. మచిలీపట్నం పేరు రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? వెలుతురుకు బట్టలు పాడవుతాయి కాబట్టి గదిలో దీపాలు మసకగా పెడతారు, వస్తువులను మారుస్తుంటారు. మీరు వెళ్లేసరికి మేం చూసినవే ఉంటాయని అనుకోవద్దు.

జానపద విభాగంలో గాలికి తిరిగే రేకు కోళ్లు, బొంతలు, ఎవరు గీశారో తెలియని పిల్లల బొమ్మలు. ఎడ్వర్డ్ హిక్స్ అనే చిత్రకారుడు చిరుతపులినీ మేకపిల్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి గీసిన చిత్రం మా బాబుకు తెగ నచ్చింది. ఈ సేకరణలో అన్నిటికన్నా ముఖ్యమైనది నా దృష్టిలో 'ది ఓల్డ్ ప్లాంటేషన్' అనే చిన్న నీటిరంగుల చిత్రం. 1780ల చివర్లో సౌత్ కరోలినాలో గీసింది. బానిసలు తమలో తాము ఆడుకుంటూ పాడుకుంటూ ఉంటారు, ఒకతను సొరబుర్రతో చేసిన బాంజో అనే తీగల వాద్యం వాయిస్తుంటాడు. యజమాని ఇల్లు ఎక్కడో దూరంగా, చిన్నగా. ఆనాడు ఈ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లేనని వీధిలో నడుస్తున్నప్పుడు తట్టదు.

పక్కనే 1773 నాటి పిచ్చాసుపత్రిని మళ్లీ కట్టారు. గొలుసులు, గడ్డి పరుపు ఉన్న గదులు చిన్నపిల్లలకు వద్దు.

వీధిలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్లలోకి వెళ్లాలంటే కావాలి. విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టి షటిల్ బస్సు ఎక్కడం హాయి. విలియమ్స్‌బర్గ్ ఇన్ అనే హోటల్ చాలా ఖరీదు, ఎలిజబెత్ రాణి దిగిన చోటు మరి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు విజిటర్ సెంటర్ పక్కనున్న వుడ్‌లాండ్స్ గానీ, రిచ్‌మండ్ రోడ్ వైపు మామూలు హోటళ్లు గానీ చాలు. అయితే బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మాకు రెండో అంతస్తులో గది ఇచ్చి మెట్లే దిక్కన్నారు, కింద గది ఇప్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పాతకాలం టావెర్న్‌లలో భోజనం ముచ్చటగానే ఉంటుంది గానీ శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లి చెట్టు కింద తిన్నాం.

ఇంకో పూట ఉంటే జేమ్స్‌టౌన్ వెళ్లొచ్చు. అక్కడ దాదాపు ఒకే పేరుతో రెండు చోట్లున్నాయి, టికెట్లు వేరు. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్‌లో నకలు ఓడలు ఎక్కొచ్చు, పిల్లలకు సరదా. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ 1607 నాటి అసలు కోట స్థలం, ఇంకా తవ్వుతూనే ఉన్నారు. పెద్దవాళ్లకు నేను రెండోదే చెబుతాను. యార్క్‌టౌన్ కూడా దగ్గరే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781లో అక్కడి మైదానంలో ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్సే ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. బెంగాల్లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి మన సర్కారు జిల్లాలకూ వచ్చి జమీందారీలను స్థిరపరిచింది. ఇది విన్నాక మా మామయ్యగారు, "అయితే ఆ మైదానం చూడాల్సిందే" అని పట్టుబట్టారు.