మలక్కాలో క్రిస్మస్: పండగకి పదికి పది, బసకి సున్నా

సింగపూర్‌లో డిసెంబరు అంటే మన శ్రావణ మాసం అనుకోండి. పొద్దున్నే ఉక్క, మధ్యాహ్నానికి మబ్బు, సాయంత్రానికి కుండపోత వాన. మాకు అలవాటైపోయింది గానీ ఈసారి పాలకొల్లు నుంచి వచ్చిన మా అమ్మకి మాత్రం అస్సలు ఎక్కలేదు. అక్కడైతే డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, డాబా మీద స్టారు, అర్ధరాత్రి దాటాక మంకీ క్యాపులు పెట్టుకుని డప్పుతో ఇంటింటికీ వచ్చే క్యారల్స్ వాళ్ళు. ఇక్కడ ఆర్చర్డ్ రోడ్ దీపాలు చూపించాం, 1984 నుంచీ ఏటా పెడుతున్నారు, పైసా ఖర్చు లేదు, నిజంగానే బాగుంటాయి. టికెట్టు పెట్టిన ఇంకో మేళాకి కూడా తీసుకెళ్ళాం. అక్కడ గంటకోసారి పైనుంచి సబ్బు నురగ వదిలి అదే మంచు అంటారు. అది అమ్మ కళ్ళజోడు మీద పడి మండింది. "చలి లేకుండా క్రిస్మస్ ఏంటే, సబ్బు నీళ్ళకి డబ్బులు కట్టడం ఏంటే" అని ఇంటికొచ్చేదాకా ఒకటే గొణుగుడు. ఆ రాత్రే మా ఆయన మలేసియాలోని మలక్కాకి బస్సు టికెట్లు తీసేశారు.

ఇరవై నాలుగో తారీఖు పొద్దున ఏడింటికి బస్సు. మనిషికి 38 సింగపూర్ డాలర్లు, పండగ రేటు. సింగపూర్ వైపు దిగి స్టాంపింగ్ చేయించుకుని మళ్ళీ బస్సెక్కాలి, రెండు దేశాలనీ కలిపే సముద్రం మీది రోడ్డు, కాజ్‌వే, దాటాక మలేసియా వైపు సామానంతా భుజాన వేసుకుని మళ్ళీ దిగాలి. ఆ కాజ్‌వే పొడవు గట్టిగా కిలోమీటరు, అది దాటడానికే మాకు గంటంబావు పట్టింది. మలేసియా హాల్లో క్యూ ఎక్కడ మొదలైందో ఎక్కడ తేలుతుందో తెలియదు. మన పాస్‌పోర్టుకి 2023 డిసెంబరు నుంచి అక్కడ వీసా అక్కర్లేదు, కానీ వెళ్ళేముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్లు ఉంటాయి, వాటి జోలికి పోకండి.

అమ్మ మోకాళ్ళ నొప్పి చూసి ఒక లేడీ ఆఫీసరు చెయ్యి పట్టుకుని ముందు కౌంటరుకి తీసుకెళ్ళి స్టాంపు వేయించేసింది. మంచిదే, కాకపోతే మమ్మల్ని వెంట రానివ్వలేదు. అమ్మ అటు, మేము ఇటు, మధ్యలో గంటన్నర క్యూ, అమ్మ ఫోనుకి రోమింగ్ లేదు, భాష రాదు. నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి అవతలికి వెళ్ళి చూస్తే బెంచీ మీద ఎవరో చైనా ఆవిడ పక్కన కూర్చుని ఇద్దరూ బిస్కెట్లు తింటున్నారు. మా బస్సు డ్రైవరు సగం మంది ప్యాసింజర్లు లోపలే ఉన్నారు కాబట్టి ఆగాడు, లేకపోతే ఆగేరకం కాదు. మలక్కాలో దిగేసరికి మూడున్నర. ఎనిమిదిన్నర గంటలు! మామూలు రోజుల్లో నాలుగు, నాలుగున్నరలో అయిపోయే దారి.

ఇక బస. సముద్రం ఒడ్డున ఉన్న ఎత్తైన అపార్ట్‌మెంట్లలో ఒక ఫ్లాటు, రాత్రికి 380 రింగిట్లు (మలేసియా డబ్బు), మూడు రాత్రులు. ఫొటోల్లో బాల్కనీ, బాల్కనీ నిండా సముద్రం. పేరు రాయను గానీ అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి, రిసెప్షన్ ఉండదు, మనిషి కనపడడు, అంతా వాట్సాప్‌లోనే. కింద గోడకి వరసగా నంబరు లాక్ డబ్బాలు, మన డబ్బాలో తాళం. మా డబ్బా ఖాళీ. ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెడితే "వన్ మినిట్" అని ఒక నవ్వు బొమ్మ. ఆ ఒక్క నిమిషం యాభై నిమిషాలయింది. తర్వాత లిఫ్టు. నాలుగు లిఫ్టుల్లో పనిచేసేవి రెండు, పండగ జనం అంతా సూట్‌కేసులతో అక్కడే. పైకెళ్ళి బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా కార్ పార్కింగ్ కప్పు. బాగా ఎడమకి వంగి మెడ చాస్తే రెండు బిల్డింగుల మధ్య జానెడు నీళ్ళు కనపడ్డాయి, అదే సముద్రం. మా వాడైతే "అమ్మా, సీ వ్యూకి రా, క్యూ కట్టు" అని వాళ్ళ నాన్నతో కలిసి ఒకటే నవ్వు, నాకు ఒళ్ళు మండిపోతోంది.

తలుపు వెనక జరిమానాల పట్టిక అంటించి ఉంది. ఘాటు వాసన కొట్టే దురియన్ పండు తెస్తే 200, గిన్నెలు కడగకపోతే 50, తాళం పోతే 150. ఇన్ని రూల్స్ రాసినవాడు ఏసీ నుంచి నీళ్ళు కారి మంచం తడుస్తోందని మాత్రం ఎక్కడా రాయలేదు. రాత్రంతా మంచం మీద గిన్నె పెట్టుకుని పడుకున్నాం. డిపాజిట్ 200, క్లీనింగ్‌కి 60, పైగా టూరిజం టాక్స్ అని మనిషికి రోజుకి పది చొప్పున 120 ముందే వేయించుకున్నాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: మలేసియాలో విదేశీయులకి ఆ టాక్సు గదికి రాత్రికి 10 రింగిట్లు, తలకి కాదు. మా లెక్కన 30 కట్టాలి. అడిగితే "సిస్టమ్ లైక్ దట్" అన్నాడు. ఖాళీ చేశాక సోఫా మీద పసుపు మరక ఉందని డిపాజిట్‌లో 80 కోశాడు. మా ఆయనకి ఏ గదిలో దిగినా ముందు మూలమూలా వీడియో తీసే చాదస్తం ఉంది, ఆ వీడియోలో మరక నిక్షేపంగా కనపడుతోంది. పంపిస్తే నాలుగు రోజులకి 75 వెనక్కి వేశాడు, ఐదు బ్యాంకు ఛార్జీలట. టాక్సు తాలూకు 90 ఇప్పటికీ రాలేదు.

ఇంత జరిగినా ఆ ఇరవై నాలుగో తారీఖు రాత్రి మాత్రం నేను జన్మలో మర్చిపోను. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉజోంగ్ పసీర్ అనే చోట పోర్చుగీస్ సెటిల్‌మెంట్ ఉంది. 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కాని పట్టుకున్నారు కదా, వాళ్ళకీ స్థానికులకీ పుట్టిన సంతతి ఇంకా అక్కడే ఉంటోంది. తమ సొంత భాష మాట్లాడతారు, ఎక్కువగా చేపల వేట మీద బతికినవాళ్ళు, 1930ల్లో వాళ్ళకోసం ఆ పేట కట్టారు. క్రిస్మస్ ఈవ్ నాడు ఆ చిన్న చిన్న ఇళ్ళన్నీ చూరు నుంచి గేటు దాకా సీరియల్ లైట్లే. వాకిట్లో పశువుల పాక, గడ్డి, బొమ్మలు. ఒకాయన బనీను, లుంగీలో నిచ్చెనెక్కి ఆరిపోయిన స్టారు సరిచేస్తుంటే కింద వాళ్ళావిడ ఏ వైరు లాగాలో అరుస్తోంది. అమ్మ అక్కడే ఆగిపోయి "ఇదీ పండగంటే" అంది. టికెట్టు లేదు, నురగ లేదు. చెమటలు కారుతున్నా చలి మాట మళ్ళీ ఎత్తలేదు.

సముద్రం పక్కన వరసగా చేపల హోటళ్ళు. కూర్చునే ముందే చేప తూకం, రేటు అడగండి, తర్వాత అడిగితే లాభం లేదు. మేము అరిటాకులో కాల్చిన చేప, కారీ దెబాల్ అనే కోడి కూర, అన్నం తీసుకున్నాం, నలుగురికీ 186 రింగిట్లు. ఆ కూర వాళ్ళ క్రిస్మస్ కూర. పండగకి మిగిలిన మాంసాలన్నీ వేసి మర్నాడు వండుకునేదట. ఎండుమిరపకాయలు, ఆవాలు, అల్లం, పైన వెనిగర్. ఎరుపు చూసి మా వాడు భయపడ్డాడు గానీ అమ్మ మొదటి ముద్దకే "ఆవ పెట్టారే!" అని లేచి వంటింటి వైపు వెళ్ళిపోయింది. అక్కడ పెద్దావిడకి ఇంగ్లీషు వచ్చు, అమ్మకి రాదు, అయినా పది నిమిషాల్లో మిరపకాయలు నానబెట్టడం దగ్గర్నుంచి వెనిగర్ ఎప్పుడు పోయాలో దాకా చేతులతోనే తేల్చేసుకున్నారు. బయటికొచ్చాక ఒక ఇంటివాళ్ళు లోపలికి పిలిచి సూజీ కేకు పెట్టారు, రవ్వ, నెయ్యి, బాదంతో చేసింది. నా ఓటు కూరకే, అమ్మ ఓటు కేకుకి. వెళ్ళేటప్పుడు గ్రాబ్ (యాప్‌లో పిలిచే టాక్సీ) 12 రింగిట్లు, వచ్చేటప్పుడు 35, అదీ నలభై నిమిషాలు నిలబడ్డాక. ఆరింటికే వెళ్ళి తొమ్మిదిన్నరకల్లా బయటపడటం ఉత్తమం.

ఇరవై ఐదు ఉదయం ఎర్ర చర్చిలో ఇంగ్లీషు ఆరాధనకి వెళ్ళాం. 1753లో డచ్చివాళ్ళు పూర్తి చేసిన క్రైస్ట్ చర్చ్ అది, నేల మీదే పాత సమాధి రాళ్ళు. మా పాలకొల్లులో కూడా ఆ కాలంలోనే డచ్చివాళ్ళ వ్యాపారం ఉండేదని మా ఆయన మొదలుపెట్టారు, ఫ్యాన్ కింద సీటు దొరికింది కాబట్టి అమ్మ ఓపిగ్గా విన్నది. బయట బొమ్మలు తగిలించిన సైకిల్ రిక్షాలు అరగంటకి 40 అడిగారు, స్పీకర్లో పాటల మోతకి తలనొప్పి వచ్చింది, వద్దు. జోంకర్ వీధిలో తాటిబెల్లం పోసిన చెండోల్ అనే ఐసు మిఠాయి ఆరు రింగిట్లు, తప్పకుండా తినండి. రాత్రి బజారు మాత్రం శుక్ర, శని, ఆదివారాల్లోనే.

ఇరవై ఏడున తువాస్ వైపు నుంచి, అంటే రెండో వంతెన మీదుగా వచ్చాం, మనిషికి 32 డాలర్లు, ఐదు గంటల్లో ఇంట్లో ఉన్నాం. డాలరుకి 3.2 రింగిట్ల లెక్కన అన్నీ కలిపి నలుగురికి 900 డాలర్ల పైచిలుకు అయింది. వచ్చే ఏడాది వెళ్ళేవాళ్ళు ఇరవై మూడునే బయల్దేరండి, అదీ తువాస్ మీదుగా. బసకి రిసెప్షన్‌లో మనిషి కూర్చునే మామూలు హోటల్ తీసుకోండి, సముద్రం చూడాలంటే సెటిల్‌మెంట్‌లో చేప తింటూ ఉచితంగానే చూడొచ్చు.