నీళ్లలోకి దించే బోర్డు: ఎపాక్సీలో ముంచాలా, ఓ-రింగ్ డబ్బాలో పెట్టాలా?

చెన్నైలో చదివే మన తెలుగు పిల్లలు రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ బోర్డూ సెన్సర్లూ కొన్నాక తరచూ అడిగే ప్రశ్న ఇదే. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. ఓ-రింగ్ అంటే మూత సందులోంచి నీరు చొరకుండా వేసే గుండ్రటి రబ్బరు. పది మీటర్ల లోతు వరకు అనుకుని చెబుతున్నాను.

డబ్బాతో సుఖమేమిటంటే, విప్పి సరిచేసుకోవచ్చు. ఛార్జింగ్ బ్యాటరీ ఉంటే డబ్బా తప్పదు. ఎపాక్సీలో దానికి ఉబ్బడానికి చోటుండదు. కానీ 10 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో బరువు పడుతుంది. అంటే 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పున్న మూత మీద 100 కిలోలు! పల్చటి మూతయితే వంగి ఓ-రింగ్ వదులవుతుంది. గుండ్రటి గొట్టం నయం. రింగ్ మీద వెంట్రుక పడినా లీకే. చెన్నై ఉక్కలో బిగిస్తే నీళ్లలో చల్లబడగానే లోపల చెమ్మ పడుతుంది కాబట్టి, ఏసీ గదిలో సిలికా జెల్ పొట్లం వేసి మూయండి.

అసలు తేల్చేది డబ్బా కాదు, కేబుల్. తొడుగు ఎక్కడ చిట్లినా నీరు రాగి పోగుల సందుల్లోంచి పాకి లోపలికి చేరుతుంది. కేబుల్ దూరే చోట వేసే బిరడా, అదే గ్లాండ్, ఎంత బిగించినా అది పట్టుకునేది పైతొడుగునే. అందుకే ప్రతి తీగనీ ఒక సెంటీమీటరు ఒలిచి, పోగుల లోపలిదాకా టంకం పట్టించి, ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి వాడే పదార్థం) తుడిచి, ఆ రాగి చుట్టూ ఎపాక్సీ పోయాలి. పీవీసీ తొడుగుకి ఎపాక్సీ సరిగా అంటదు. 120 నంబరు ఎమరీ పేపర్‌తో గరుకు చేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఈ పని డబ్బాకీ తప్పదు కదా! అలాంటప్పుడు బ్యాటరీ లేని సెన్సర్ బోర్డుని మొత్తం ఎపాక్సీలో ముంచేయడమే మేలంటాను. విప్పే మూతే ఉండదు. కాకపోతే ఒకేసారి మందంగా పోస్తే తన వేడికి తనే పగులుతుంది, సెంటీమీటరు చొప్పున పోయాలి. ఉక్కపోతకి గట్టిపడిన పొర మీద జిడ్డు తేలుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గరుకు చేశాకే మలిపొర పోయాలి, లేకపోతే అది అంటదు. బటన్లూ, రిలేలూ (కరెంటుతో కదిలే స్విచ్‌లు), ప్రెషర్ సెన్సర్ ముఖమూ మాత్రం ముంచొద్దు.

హాట్ గ్లూ ఊడొస్తుంది. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. డబ్బాలో నూనె నింపడం లోతు సముద్రానికి వాడే పద్ధతి.

చివరగా, బోర్డు తీసుకునే కరెంటు మిల్లీఆంపుల్లో రాసుకుని, రాత్రంతా ఉప్పునీళ్ల బకెట్‌లో ఉంచి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే ఎక్కడో నీరు చేరినట్టే, ముందు కేబుల్ దగ్గర వెతకండి.