ఇంట్లో హత్య, గోడ మీద మరక: ల్యూమినాల్ మేలా, ఫినాల్ఫ్తలీన్ మేలా?

రోడ్డు మీద హత్య జరిగితే అక్కడి రక్తం ఎవరిదన్నదే ముందు తేలాలి. ఇంట్లో జరిగితే ఆ ప్రశ్నకు అంత బలం ఉండదు. చనిపోయిన మనిషీ, అనుమానం ఉన్న మనిషీ ఒకే ఇంట్లో మసలినవాళ్లు. కూర తరుగుతూ వేలు తెగినా, గడ్డం గీసుకుంటూ గాటు పడినా ఆ రక్తం ఆ ఇంట్లోనే ఉంటుంది. మరక ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్న వాటి మీదే కేసు నిలుస్తుంది. రక్తం ఉందేమో చూసే పరీక్షలు రెండున్నాయి: రక్తం తగిలితే గులాబీ రంగు తిరిగే ఫినాల్ఫ్తలీన్, చీకట్లో నీలంగా వెలిగే ల్యూమినాల్. వీటిలో ఏది మేలన్నది మరక ఆకారాన్ని ఎంతవరకు కాపాడుతుందో చూసి తేల్చాలి.

కంటికి కనిపించే మరకకు ఫినాల్ఫ్తలీనే మేలు. దీన్నే కాస్టిల్-మేయర్ పరీక్ష అంటారు. మరక మీద రసాయనం పోయరు. మరక అంచును దూది పుల్లతో తేలిగ్గా అద్ది, ఆ పుల్ల మీద వరసగా ఒక చుక్క ఆల్కహాల్, ఒక చుక్క ఫినాల్ఫ్తలీన్ ద్రావణం వేసి కాసేపు ఆగాలి. ఆ తర్వాతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క. వెంటనే గులాబీ రంగు వస్తే రక్తం కావచ్చు. పెరాక్సైడ్ వేయకముందే రంగు తిరిగితే అది రక్తం వల్ల కాదు, అక్కడ ఏదో ఆక్సీకరణ రసాయనం ఉందని అర్థం. అర నిమిషం దాటాక వచ్చే గులాబీని లెక్కలోకి తీసుకోకూడదు, గాలి తగిలినా అలా మారుతుంది. ఈ పరీక్షకు వాడిన పుల్లను డీఎన్ఏకి పంపకూడదు, దానికి వేరే పుల్ల తీయాలి.

కడిగేసిన గచ్చు మీద, టైల్స్ సందుల్లో, బాత్రూం తూము దగ్గర ఫినాల్ఫ్తలీన్‌తో పని జరగదు. ఎక్కడ అద్దాలో తెలియాలి కదా. అక్కడ ల్యూమినాల్ కావాలి. పాత గ్రాడ్‌స్కీ ఫార్ములా ప్రకారం 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కి 0.1 గ్రాము ల్యూమినాల్, 5 గ్రాముల సోడియం కార్బొనేట్, 0.7 గ్రాము సోడియం పెర్‌బొరేట్. కలిపిన వెంటనే వాడేయాలి, నిలవ ఉంటే పనిచేయదు. గది పూర్తిగా చీకటి చేసి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, మంచులా పలచగా చల్లాలి. నీలి వెలుగు ఎక్కువసేపు నిలవదు, సుమారు అర నిమిషం. కనిపించలేదని మళ్లీ మళ్లీ చల్లితే గోడ మీది మరక కారిపోతుంది. ల్యూమినాల్ డీఎన్ఏని నాశనం చేయదు గానీ నీళ్లతో పలచబరుస్తుంది. అందుకే దాని వంతు చివరిది: ముందు ఫొటోలు, కొలతలు, కనిపించే మరకల సేకరణ, ఆ తర్వాతే స్ప్రే.

విశాఖలో రెండు పరీక్షలకూ తిప్పలే. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి ఎర్రటి చారలు గోడ మీదికి దిగుతాయి. కిళ్లీ ఉమ్ములు, కుంకుమ, పారాణి కంటిని మోసం చేస్తాయి. వంటింట్లో తరిగిన ముల్లంగి పెరాక్సిడేజ్ ఎంజైమ్ వల్ల రెండింటిలోనూ రక్తంలా ప్రవర్తిస్తుంది. ఇత్తడి, రాగి సామాన్లు ల్యూమినాల్‌ని వెలిగిస్తాయి. బ్లీచింగ్ పౌడర్‌తో కడిగిన నేల కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు మిణుకు మిణుకుమంటూ త్వరగా పోతుంది. ఒకటి రెండు రోజులు ఆరనిస్తే చాలావరకు తగ్గుతుంది. కాబట్టి పక్కనే మరక లేని చోట నుంచి, పోల్చి చూడటానికి ఒక కంట్రోల్ పుల్ల తీయాల్సిందే. అది లేకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో జవాబు ఉండదు.

పైకప్పు చూడటం చాలామంది మరిచిపోతారు. ఆయుధం వెనక్కి ఎత్తినప్పుడు చిమ్మిన చుక్కలు వరసగా అక్కడే పడతాయి. మొదటి దెబ్బకు ఆయుధానికి ఇంకా రక్తం అంటదు గనుక సాధారణంగా మూడు వరసలుంటే కనీసం నాలుగు దెబ్బలు. చుక్క వెడల్పు 4 మిల్లీమీటర్లు, పొడవు 8 అయితే తాకిన కోణం 30 డిగ్రీలు (4ని 8తో భాగిస్తే 0.5, అది 30 డిగ్రీల సైన్ విలువ). ఈ వరసలను దూది పుల్లతో తుడిచి తీసేస్తే లెక్కా పోయినట్టే.

ఇక సేకరణ. చీర, దుప్పటి లాంటివి కత్తిరించడం కంటే మొత్తంగా తీసుకోవడమే మేలు. మడత మధ్య శుభ్రమైన కాగితం పెట్టాలి, లేకపోతే ఒక వైపు రక్తం ఇంకో వైపు అచ్చు పడుతుంది. సున్నం గోడ అయితే స్కాల్పెల్‌తో గీకి కాగితం పొట్లంలోకి. టైల్ మీద అయితే డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన పుల్ల, వెంటనే అదే చోట పొడి పుల్ల. రెండూ పంపాలి.

ప్లాస్టిక్ కవరా, కాగితం కవరా అన్న దానిలో తర్జనభర్జన అక్కర్లేదు. ఈ ఊరి చెమ్మలో ప్లాస్టిక్‌లో పెట్టిన తడి బట్టకు బూజు పట్టి, బాక్టీరియా డీఎన్ఏని తినేస్తుంది. కాగితమే. అదీ నీడలో పూర్తిగా ఆరాకే. ఎండలో వద్దు, ఫ్యాన్ నేరుగా వద్దు, ఏసీ గది ఉంటే మంచిది. ఒక్కో వస్తువు వేరువేరుగా ఆరబెట్టాలి.

మనిషి రక్తమో, కోడి రక్తమో తేల్చేది మనిషి హిమోగ్లోబిన్‌ని గుర్తించే టెస్ట్ స్ట్రిప్. రక్తం మరీ చిక్కగా ఉంటే అది తప్పుగా 'లేదు' అని చూపించవచ్చు. ఇంకా పలచన చేసి మళ్లీ వేయాలి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి రావాలి, సేకరణను వీడియో తీయాలి. దీన్ని పూర్తిగా అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. మన దగ్గర మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) ఈ వీడియోకు పొంతన కుదరాలి: పుల్ల ఎన్నో నంబరు, ఏ గోడ, నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లు, ఏ పరీక్ష ఎప్పుడు చేశారు. "హాలు గోడ మీద రక్తపు మరక" అని రాస్తే, ఆ మరక దెబ్బకు చిమ్మిందో, చెయ్యి ఆనించినప్పుడు అంటిందో ఆ నివేదిక ఎన్నటికీ చెప్పలేదు.