ఆరున్నర వేలు పోసి చెమట తూకం వేయించుకున్నా

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక స్పోర్ట్స్ న్యూట్రిషన్ క్లినిక్‌కి వెళ్ళొచ్చాను. మూడు సిట్టింగులకి 6,500 రూపాయలు. సగం మెచ్చుకుని సగం తిట్టబోతున్నాను కాబట్టి పేరు రాయను, అడ్రస్ కోసం మెసేజ్‌లు పెట్టొద్దు. నేనేం అథ్లెట్‌ని కాదు, 41 ఏళ్ళ ఐటీ వాణ్ణి. ఆదివారం కబ్బన్ పార్క్‌లో పరుగెత్తి, తర్వాత మారతహళ్ళిలో ఆంధ్రా మెస్‌కి వెళ్ళి పరుగంతా వాపసు తెచ్చుకునే బ్యాచ్. ఇంతకీ ఎందుకెళ్ళానంటే, రెండు హాఫ్ మారథాన్లలోనూ (21 కిలోమీటర్ల పరుగు) 17వ కిలోమీటరు దగ్గరే పిక్కలు పట్టేశాయి. ఫ్రెండ్స్ అందరూ "ఉప్పు తక్కువైంది రా" అని తేల్చేశారు.

అక్కడ న్యూట్రిషనిస్ట్ తిరుపతి అమ్మాయి. "అది ఉప్పేనని గట్టిగా చెప్పలేం సార్, కండరాలు అలసిపోయినా పట్టేస్తాయి. ముందు మీకు చెమట ఎంత పోతుందో చూద్దాం" అంది. ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది, ఇంకెవరైనా అయితే అక్కడే ఉప్పు బిళ్ళల డబ్బా చేతిలో పెట్టేవాళ్ళు.

ఆ పరీక్ష చూస్తే నవ్వొస్తుంది, అంత సులువు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, షార్ట్స్ ఒక్కటే ఉంచుకుని కాటా ఎక్కమన్నారు. 72.4 అని చూపించి కాటా ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందట. రిసెప్షన్ కుర్రాడు కిందికెళ్ళి బ్యాటరీలు కొనుక్కొచ్చేదాకా చొక్కా లేకుండా ఏసీలో నిలబడ్డాను. తర్వాత బయట గంటసేపు రేసు వేగంతో పరుగెత్తాను, చేతిలో బాటిల్, తాగింది సరిగ్గా 300 మిల్లీలీటర్లు. తిరిగొచ్చి చెమట తుడుచుకుని మళ్ళీ ఎక్కితే 71.3. తగ్గిన కిలో వంద గ్రాములూ, తాగిన 300 కలిపితే 1.4. అంటే గంటకి దాదాపు లీటరున్నర చెమట. అదీ బెంగళూరులో, ఉదయం పూట, చల్లగాలిలో, దాహం వేస్తున్నట్టు కూడా తెలియకుండా! బరువులో రెండు శాతం మించి నీళ్ళు పోతే వేగం తగ్గడం మొదలవుతుందట. నా బరువుకి రెండు శాతమంటే సుమారు 1.4 కిలోలు. నేను హాఫ్‌కి రెండుంపావు గంటలు తీసుకునేవాణ్ణి, లెక్క మీరే వేసుకోండి.

అలాగని పోయిన చెమటంతా తాగేయమని కాదు, పరుగు అయ్యేసరికి తగ్గుదల ఆ రెండు శాతం లోపల ఉంటే చాలంది. నాకు గంటకి 700 నుంచి 800 మిల్లీలీటర్లు, గుక్కలు గుక్కలుగా. పరుగు తర్వాత తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర దాకా నిదానంగా తాగాలి.

నేను ఇదివరకు ఒక రేసులో భయపడి కనిపించిన ప్రతి స్టాల్‌లోనూ మంచినీళ్ళు పట్టించాను. ఫినిష్ దగ్గర వేళ్ళు ఉబ్బి ఉంగరం రాలేదు, సాయంత్రం దాకా తలనొప్పి. ఆ సంగతి చెప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది. ఉత్త నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) పలచబడుతుంది, ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉందట. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే ఎక్కువ తాగినట్టే. నాకు తెలిసి మన రన్నింగ్ గ్రూపులో ఈ ముక్క ఎవడూ ఎవడికీ చెప్పలేదు, అందరం "నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" బాపతే.

ఇక తిండి. రేసుకి ముందు రెండు రోజులు కార్బ్స్ (పిండిపదార్థాలు) దట్టించాలి, మారథాన్ వాళ్ళకైతే కిలో బరువుకి రోజుకి 10 నుంచి 12 గ్రాములు. పది లెక్కన చూసినా నాకు 720 గ్రాములు, అంటే వండిన అన్నం రెండున్నర కిలోలు! మా అమ్మకి చెబితే, "పెళ్ళివారి విడిదిలో కూడా అంత పెట్టర్రా" అంది. హాఫ్‌కి ఏడు గ్రాములు చాలని సరిపెట్టారు. పరుగు రోజు తెల్లవారుజామున నాలుగు ఇడ్లీలు చట్నీ లేకుండా పంచదార అద్దుకుని, ఒక అరటిపండు, మొత్తం దాదాపు 70 గ్రాముల కార్బ్స్. దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాములు. రన్నర్లు పరుగులో మింగే ఎనర్జీ జెల్లు కొనక్కర్లేదు, గింజ తీసిన ఖర్జూరం 40 గ్రాములు జేబులో వేసుకుంటే దాదాపు 30 వస్తాయి. ముందు రాత్రి పప్పు, ఆకుకూర, ఆవకాయ బంద్, పెరుగన్నం ఓకే. ఈ చివరిది నేను డబ్బు కట్టకముందే ముద్దపప్పు ఆవకాయ తిని ఒక ఆదివారం 12వ కిలోమీటరు దగ్గర నేర్చుకున్న పాఠం, వివరాలు వద్దు.

ఇక్కడిదాకా బాగుంది. తిట్టాల్సింది వాళ్ళ పీడీఎఫ్‌ని. ఇంత చక్కగా ఇడ్లీలు లెక్కగట్టిన మనిషే, రోజువారీ చార్ట్ మాత్రం కినోవా, అవకాడో, బాదం పాలు అని పంపింది. ఎవరికో చేసింది నాకు తోసినట్టున్నారు, మూడో పేజీలో "మేడమ్" అని కూడా ఉంది. పైగా వెళ్ళిన ప్రతిసారీ ప్రోటీన్ డబ్బా అంటగట్టబోయారు. రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ కావాలని వాళ్ళే చెప్పారు, అది నాకు గుడ్లూ పప్పూ పెరుగూ చికెన్‌తోనే వచ్చేస్తోంది.

ఇంకో పెద్ద లోటు ఉంది. నా రేసు జనవరిలో చెన్నైలో అని మొదటి రోజే చెప్పాను, అయినా ప్లాన్ మొత్తం బెంగళూరు లెక్కతోనే ఇచ్చారు. అనుమానమొచ్చి రేసుకి వారం ముందు బీసెంట్ నగర్‌లో చుట్టాలింట్లో దిగి నేనే కాటా పెట్టుకుని చూసుకుంటే గంటకి 1.9 లీటర్లు తేలింది! ఆ ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఫోన్ చేస్తే "అవును సార్, అక్కడ ఇంకోసారి చేసుంటే బాగుండేది" అంది ఆ అమ్మాయి పాపం, నిజాయితీగానే. డ్రింక్ పెంచి, మొదటి ఐదు కిలోమీటర్లు వేగం తగ్గించి నెట్టుకొచ్చాను. 2 గంటల 11 నిమిషాలు. పిక్కలు 19వ కిలోమీటరు దాకా పట్టేయకుండా ఆగాయి.

డ్రింక్ ఇంట్లోనే చేసుకున్నాను. లీటరు నీళ్ళు, కాటా మీద తూచిన 60 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, నిమ్మరసం. ఓఆర్‌ఎస్ ఎందుకు వద్దంటే, అసలు ఓఆర్‌ఎస్ విరేచనాలైనవాళ్ళ కోసం, లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, పరుగుకి ఆ శక్తి చాలదు. ఆ పేరుతో అమ్మిన తియ్యటి టెట్రాప్యాక్‌ల కథ వేరు, వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని గారు ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది.

మొత్తానికి ఐదుకి మూడు. మొదటి సిట్టింగ్‌కి కళ్ళు మూసుకుని వెళ్ళండి, ప్యాకేజీ తీసుకోకండి, ఒక్కదానికి 2,500 అంటారు. నా మూడో సిట్టింగ్ ఇంకా అలాగే ఉంది, యాప్‌లో స్లాట్ దొరకట్లేదు. వెళ్ళేవాళ్ళు మాత్రం కాటాకి రెండు పెన్సిల్ బ్యాటరీలు జేబులో వేసుకెళ్ళండి.