ఆఫ్టర్నిక్ సమీక్ష: డొమైన్లు అమ్ముతూ కొత్త వ్యాపారాలూ నడిపేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

చేతిలో రెండొందల డొమైన్లు, అంటే వెబ్‌సైట్ల పేర్లు. అందులో నాలుగైదింటి మీద సైట్లు నడుస్తున్నాయి, మరో రెండింటిని మొదలుపెట్టబోయే వ్యాపారాల కోసం పక్కన పెట్టారు, మిగతావన్నీ అమ్మకానికి. ఇంటర్నెట్ వ్యాపారాల్లో ఉన్నవాళ్ళలో ఇలాంటి పరిస్థితి మామూలే. వీళ్ళకు డొమైన్ మార్కెట్ నుంచి కావలసింది తమ రోజును తినేయకుండా సరుకు అమ్మిపెట్టడం. ఆఫ్టర్నిక్ ఆ పని బాగానే చేస్తుంది. మీరు పడుకున్నా, వేరే పనిలో తలమునకలై ఉన్నా అమ్మేస్తుంది. దాని బలం అదే. అమ్మే పేర్లూ వాడుకునే పేర్లూ ఒకే ఖాతాలో కలిసి ఉంటే ముప్పు కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఆఫ్టర్నిక్ 1999 నాటిది. 2013 నుంచి గోడాడీ అనే రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే సంస్థ) చేతిలో ఉంది. 2022లో గోడాడీ డాన్ డాట్ కామ్ అనే మరో డొమైన్ మార్కెట్‌ను కూడా కొని, ఆ తర్వాత అక్కడి అమ్మకందారులను ఆఫ్టర్నిక్‌లోకి మళ్ళించింది. డాన్‌లో కొనేవాళ్ళతో నేరుగా మాట్లాడి బేరం చేసిన అలవాటున్నవాళ్ళకు ఇక్కడ చేతులు కట్టేసినట్టు ఉంటుంది. లాండింగ్ పేజీ (ఆ పేరు టైపు చేస్తే తెరుచుకునే 'అమ్మకానికి' పేజీ) నుంచి వచ్చే బేరాన్ని ఎక్కువగా వాళ్ళ సేల్స్ సిబ్బందే నడుపుతారు.

దీని అసలు విలువ లాండింగ్ పేజీలో లేదు, నెట్‌వర్క్‌లో ఉంది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు సాధారణంగా తమకు అలవాటైన రిజిస్ట్రార్ సైట్‌కు వెళ్ళి సెర్చ్ పెట్టెలో పేరు కొడతారు. ఆ పేరు మీది అయి, ఆఫ్టర్నిక్‌లో స్థిర ధరతో ఉంటే, నేమ్‌చీప్, డైనాడాట్ లాంటి భాగస్వామి రిజిస్ట్రార్ల దగ్గర కూడా ధరతో సహా కనిపిస్తుంది. కొనేవాళ్ళు మామూలు డొమైన్ కొన్నట్టే కార్టులో వేసుకుని డబ్బు కట్టేస్తారు. మీ లాండింగ్ పేజీ వాళ్ళ కంట పడాల్సిన అవసరమే లేదు. ఈ దారిలో అమ్ముడవ్వాలంటే రెండు ఉండాలి: 'బై నౌ' ధర, ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ (అమ్ముడవగానే పేరు తనంతట తానే కొన్నవాళ్ళకు మారే ఏర్పాటు) అనుమతి. ధర వేయకుండా 'ఆఫర్ చెప్పండి' అని మాత్రమే పెడితే ఈ నెట్‌వర్క్ వల్ల మీకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. వెయ్యి నుంచి ఐదు వేల డాలర్ల మధ్య పేర్లకు ధర దాచిపెట్టడం వల్ల అమ్మకందారుకే నష్టం. ఆ స్థాయి కొనుగోలుదారుకు బేరమాడే ఓపిక ఉండదు, పక్క పేరు చూసుకుంటారు.

కమిషన్ లెక్క జాగ్రత్తగా చూడాలి. డొమైన్ నేమ్‌సర్వర్లు (ఆ పేరు టైపు చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే సర్వర్లు) ఆఫ్టర్నిక్ వైపు ఉంటే 15 శాతం, లేకపోతే 25 శాతం. రిజిస్ట్రార్ల నుంచి రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్ల మూల జాబితా నడిపే సంస్థ) తీసుకునే డాట్ కామ్ హోల్‌సేల్ ధర 2024 సెప్టెంబరు 1న 10.26 డాలర్లకు చేరింది. దానికి ఐకాన్ (డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) రుసుము 0.20 కలిపితే 10.46. రిజిస్ట్రార్ లాభం అసలు లేదనుకున్నా రెండొందల పేర్లకు ఏడాది రెన్యూవల్ 2,092 డాలర్లు. ఏడాదికి నూటికి ఒక్క పేరు అమ్ముడవుతుందని అనుకుంటే రెండు అమ్మకాలు. రెన్యూవల్ ఖర్చు మాత్రమే తిరిగి రావాలన్నా, 15 శాతం కమిషన్‌తో ఒక్కో పేరు సగటున 1,231 డాలర్లకు పోవాలి. 25 శాతమైతే 1,395కి. నేమ్‌సర్వర్లు మార్చడమనే చిన్న పనికి ఒక్కో అమ్మకంలో ఉన్న తేడా అది. ఈ లెక్కలో పేరు కొన్న ఖర్చు గానీ, మీ సమయం గానీ లేవు. మూడు నాలుగు వందల డాలర్ల ధర వేసి వందల పేర్లు పెట్టుకున్నవాళ్ళు ఏటా ఎందుకు నష్టపోతున్నారో ఇక్కడే తెలిసిపోతుంది.

క్లౌడ్‌ఫ్లేర్ రిజిస్ట్రార్‌లో పేర్లు ఉంచుకున్నవాళ్ళు ఒక విషయం గమనించాలి. అక్కడ లాభం వేసుకోకుండా అసలు ధరకే ఇస్తారు కాబట్టి రెన్యూవల్‌కు అంతకంటే చౌక దొరకదు. కానీ మామూలు ప్లాన్లలో నేమ్‌సర్వర్లు క్లౌడ్‌ఫ్లేర్‌వే ఉండాలి, బయటివి పెట్టనివ్వరు. నడుస్తున్న వ్యాపారాల పేర్లకు అది మంచి చోటే. అమ్మకానికి పెట్టే పేర్లకు మాత్రం పనికిరాదు. వాటిని వేరే రిజిస్ట్రార్‌కు తరలించాలి. కొత్తగా రిజిస్టర్ చేసినా, ఒకసారి తరలించినా సాధారణంగా 60 రోజుల పాటు మళ్ళీ కదలదు. యజమాని వివరాలు మార్చినప్పుడు కూడా, ముందే వద్దని చెప్పకపోతే, చాలా చోట్ల అదే తాళం పడుతుంది. కాబట్టి ఏ పేరు ఎక్కడ ఉండాలో కొన్న రోజే తేల్చుకోవడం మేలు.

పెట్టే విధానం

కొత్త పేరయితే నేమ్‌సర్వర్లు మార్చేస్తే సరి. పాత వ్యాపారం మూసేసి ఆ పేరును అమ్మకానికి పెడుతున్నప్పుడే తిప్పలు. మొదట డీఎన్ఎస్‌సెక్ (డొమైన్ సమాచారం అసలుదేనని డిజిటల్ సంతకంతో రుజువు చేసే ఏర్పాటు) ఉందేమో చూడండి. ఉంటే ముందు రిజిస్ట్రార్ దగ్గర ఆ సంతకానికి ఆనవాలైన డీఎస్ రికార్డు తీసేసి, కనీసం ఒక రోజు ఆగి, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాలి. డాట్ కామ్ జోన్‌లో డీఎస్ రికార్డు 24 గంటల పాటు కాష్‌లో (తాత్కాలిక నిల్వలో) నిలవగలదు. దాన్ని అలాగే వదిలి నేమ్‌సర్వర్లు మారిస్తే సంతకాలు సరిపోలవు, సంతకం పరిశీలించే రిజాల్వర్లు (పేరుకు చిరునామా వెతికిపెట్టే సర్వర్లు) ఆ పేరును తెరవనే తెరవవు. లాండింగ్ పేజీ మీకు కనిపిస్తుంది, కొందరు కొనుగోలుదారులకు మాత్రం పేజీ తెరుచుకోదు. నెలలు గడిచినా ఈ లోపం బయటపడదు, ఎందుకంటే కొనలేకపోయినవాళ్ళు ఆ మాట చెప్పడానికి మీ దగ్గరికి రారు.

రెండోది మెయిల్. నేమ్‌సర్వర్లు మారగానే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పోతాయి, ఆ డొమైన్ మీది ఈమెయిల్ ఆగిపోతుంది. పాత వ్యాపారపు హోస్టింగ్ ఖాతా, పేమెంట్ గేట్‌వే, సోషల్ మీడియా పేజీలు ఆ చిరునామాతోనే నమోదై ఉంటే పాస్‌వర్డ్ రీసెట్ లింకులు ఇక రావు. ముందు ఖాతాలన్నీ వేరే చిరునామాకు మార్చి, ఒక్కోదానిలో లాగిన్ అయి చూసుకుని, ఆ తర్వాతే నేమ్‌సర్వర్ల జోలికి వెళ్ళండి.

యాజమాన్య ధ్రువీకరణ నేమ్‌సర్వర్ మార్పుతోనో డొమైన్ సెట్టింగుల్లో చేర్చే టీఎక్స్‌టీ రికార్డుతోనో జరుగుతుంది. ఆ తర్వాత ధరల గడులు. 'బై నౌ' అంటే ఆ ధరకు ఎవరు కట్టినా పేరు వాళ్ళదే. 'ఫ్లోర్' అంటే మిమ్మల్ని అడగకుండా సేల్స్ సిబ్బంది ఒప్పుకోగల కనీస ధర. 'మినిమం ఆఫర్' చిల్లర బేరాలను ఆపే జల్లెడ. చాలామంది ఫ్లోర్‌ను బై నౌలో సగానికి వేసి, తర్వాత సగం ధరకే పోయిందని బాధపడతారు. అది మీరు ముందే ఇచ్చిన అనుమతి. తగ్గడానికి మనసు ఒప్పని పేర్లకు ఫ్లోర్, బై నౌ రెండూ ఒకటే వేయండి.

ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్‌కు పేరు భాగస్వామి రిజిస్ట్రార్ దగ్గర ఉండాలి, ఆ రిజిస్ట్రార్ నుంచి వచ్చే అనుమతి అభ్యర్థనను మీరు ఒప్పుకోవాలి. పేరును మరో రిజిస్ట్రార్‌కు మారిస్తే ఆ అనుమతి వెంట రాదు, కొత్తగా ఇవ్వాలి. లిస్టింగ్ చూడటానికి మామూలుగానే ఉంటుంది, కార్టు దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. మూడు నెలలకోసారి ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ గడిని ఫిల్టర్ చేసి చూడండి.

ఎక్కడ దెబ్బతింటారు

అమ్మకానికి పెట్టిన పేర్లలో ఒకటి తీసుకుని కొత్త వ్యాపారం మొదలుపెడతారు. లోగో చేయిస్తారు, సైట్ కట్టిస్తారు, నేమ్‌సర్వర్లు తమ హోస్టింగ్‌కు మారుస్తారు. ఆఫ్టర్నిక్‌లో లిస్టింగ్ తీసేయడం మాత్రం మర్చిపోతారు. నేమ్‌సర్వర్లు మార్చినంత మాత్రాన లిస్టింగ్ పోతుందని అనుకోకండి. పోయేది 15 శాతం కమిషన్ రేటు. బై నౌ ధర, ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ అనుమతి రెండూ బతికే ఉంటే ఎవరో ఒకరు ఏదో రిజిస్ట్రార్ దగ్గర కార్టులో వేసుకోవచ్చు, నడుస్తున్న వ్యాపారం కింద నుంచి పేరు వెళ్ళిపోవచ్చు. ధర కట్టినవాళ్ళ తప్పేమీ ఉండదు. కాబట్టి పేరును వ్యాపారానికి కేటాయించిన గంటలోనే, లోగో గురించి ఆలోచించక ముందే, ఆఫ్టర్నిక్‌లోనూ మిగతా మార్కెట్లలోనూ తొలగించండి. ఇంకా మంచి పద్ధతి: నడుస్తున్న పేర్లను భాగస్వామి రిజిస్ట్రార్లలో ఉంచకుండా, అమ్మకాల ఖాతాతో సంబంధం లేని వేరే రిజిస్ట్రార్‌లో, వేరే లాగిన్‌తో ఉంచండి. రెండు గదులూ వేరైతే పొరపాటుకు చోటుండదు.

ఇదే జబ్బు రెండు మార్కెట్ల మధ్య కూడా వస్తుంది. ఆఫ్టర్నిక్‌లోనూ సెడో ఎంఎల్ఎస్ అనే మరో మార్కెట్ నెట్‌వర్క్‌లోనూ ఒకే పేరు వేర్వేరు ధరలకు పెడితే తక్కువ ధర దగ్గరే అమ్ముడవుతుంది. దాదాపు ఒకే సమయంలో రెండు చోట్లా పోతే ఒక కొనుగోలుదారుకు మాట తప్పినట్టే. ధరల అసలు పట్టిక మీ షీట్‌లో ఒక్కటే ఉండాలి, రెండు చోట్లకూ అందులోంచే అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ చేసే సీఎస్‌వీ (పట్టిక) ఫైలును పెద్ద నుంచి చిన్నకు ధర వరుసలో పేర్చి చివరి పది వరుసలు చదవండి. 2,500 బదులు 250 పడితే అక్కడే దొరుకుతుంది.

గడువు తీరిన పేర్ల సంగతీ చూడాలి. గడువు తర్వాత రిజిస్ట్రీ ఇచ్చే గ్రేస్ (రెన్యూ చేసుకోవడానికి అదనపు గడువు) 45 రోజుల వరకు ఉంటుంది. కానీ చాలా రిజిస్ట్రార్లు అది పూర్తికాకముందే పేరును వేలంలో పెట్టేస్తాయి. తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్, అంటే అదనపు రుసుము కట్టి వెనక్కి తీసుకునే గడువు. ఆ తర్వాత 5 రోజుల పెండింగ్ డిలీట్, ఆ దశలో ఎవరూ ఏమీ చేయలేరు. ఇంకొక మెలిక: గడువు తీరాక ఆటో రెన్యూ అయిన 45 రోజుల్లోపు పేరును వేరే రిజిస్ట్రార్‌కు తరలిస్తే, కట్టిన ఆ ఏడాది కలిసిరాకుండా పోవచ్చు. తరలించాలంటే గడువుకు ముందే తరలించండి.

వాయిదాల్లో అమ్మే సౌకర్యం ధర ఎక్కువున్న పేర్లకు ఉపయోగమే. కొన్నవాళ్ళు మధ్యలో కట్టడం ఆపేస్తే అందిన డబ్బు మీది, పేరు తిరిగొస్తుంది. వచ్చిన పేరును నేరుగా లిస్ట్ చేయకండి. ఆ కాలంలో దాని మీద ఏ సైట్ నడిచిందో, ఏ మెయిల్ వెళ్ళిందో చూసి, స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో పడిందేమో సరిచూసుకోండి.

ఏ మార్కెట్టూ కాపాడలేని విషయం ట్రేడ్‌మార్క్. డొమైన్ల మీద ట్రేడ్‌మార్క్ వివాదాలు తేల్చే యూడీఆర్‌పీ విధానం 1999 నుంచి అమల్లో ఉంది. పేరు మార్కుకు సరిపోలడం, మీకు న్యాయమైన హక్కు లేకపోవడం, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడటం, ఈ మూడూ రుజువైతే పేరు పోతుంది. మార్కుకు దగ్గరగా ఉన్న పేరు మీద 'అమ్మకానికి' అని ధర వేసిన పేజీ, ఆ మూడో అంశానికి మీరే చేతికిచ్చిన సాక్ష్యం అవుతుంది. ఈ ఫిర్యాదులు వినే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఫిర్యాదుదారు కట్టాల్సిన, ఒకటి నుంచి ఐదు పేర్లకు ఏకసభ్య ప్యానెల్ రుసుము 1,500 డాలర్లు. పెద్ద సంస్థకు అది లెక్కలోనిదే కాదు. నిఘంటువులో ఉండే మామూలు పదాలు, వాటి జతలే సురక్షితం.

మిగతా మార్కెట్లతో పోలిస్తే, పేరుకు ఒక కథ, లోగో ఉండాల్సిన కొత్తరకం బ్రాండ్ పదాలకు ఆటమ్ మెరుగు. ఒకప్పుడు దాని పేరు స్క్వాడ్‌హెల్ప్. యూరప్ దేశాల ఎక్స్‌టెన్షన్లకు (పేరులో చివరి చుక్క తర్వాతి భాగం) సెడో. పాతిక వేల డాలర్ల పైన విలువ చేసే పేరైతే ఆఫ్టర్నిక్‌లో బై నౌ పెట్టకండి, సొంత లాండింగ్ పేజీ, నేరుగా బేరం, పేరు చేతులు మారేదాకా డబ్బు తన దగ్గర ఉంచే ఎస్క్రో డాట్ కామ్ ద్వారా చెల్లింపు. 15 శాతం అంటే అక్కడ 3,750 డాలర్లు. ఆ డబ్బుకు నాలుగు ఈమెయిళ్ళు మీరే రాసుకోవచ్చు.

రేటింగ్: రెండు వేల డాలర్ల అటూఇటూ పేర్లు వందల్లో ఉండి, సమయం లేనివాళ్ళకు 5కి 4. కొనేవాళ్ళెవరో తెలియాలి, బేరం తామే చేయాలి అనుకునేవాళ్ళకు 5కి 2.

అమ్ముడైన మెయిల్ రాగానే చేయాల్సిన పని: ఆ పేరు ఎప్పుడైనా వాడి ఉంటే, దాని ఈమెయిల్ చిరునామాలు మీ ఏ ఖాతాలోనైనా మిగిలాయేమో పాస్‌వర్డ్ మేనేజర్‌లో డొమైన్ పేరుతో వెతకండి. డొమైన్ చేతులు మారితే ఆ చిరునామాలకు వచ్చే రీసెట్ లింకులన్నీ కొత్త యజమానికే వెళ్తాయి. ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్‌లో ఈ వెతుకులాటకు గంటలే దొరుకుతాయి కాబట్టి, లిస్ట్ చేసే రోజే చేసి పెట్టుకోండి.