వేక్‌మీఆన్‌ల్యాన్: తాళం వేసిన కాంటా గదిలో కంప్యూటర్‌ని ఆఫీసు నుంచి లేపడం

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కాంటా గది గేటు పక్కన ఉంటుంది, ఆఫీసు ఎక్కడో లోపల. లారీల రద్దీ తగ్గాక కాంటా గదికి తాళం పడుతుంది, కంప్యూటర్ నిద్రలోకి పోతుంది, మనకేమో రాత్రి లెక్కలు చూసేటప్పుడు ఆ రోజు తూకాల ఫైలు సరిగ్గా అందులోంచే కావాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పని. అందుకే పడుకున్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్ మీదుగా లేపే చిన్న విండోస్ ప్రోగ్రామ్, నిర్‌సాఫ్ట్ వాళ్ల వేక్‌మీఆన్‌ల్యాన్ వాడుతున్నా. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు.

కంప్యూటర్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి స్కాన్ కొడితే పేర్లు, ఐపీలు (నెట్‌వర్క్‌లో వాటి నంబర్లు), మ్యాక్ అడ్రస్‌లు (కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే ల్యాన్ కార్డు సొంత నంబర్లు) పట్టుకుని దాచుకుంటుంది. తర్వాత పడుకున్నదాన్ని ఎంచుకుని వేకప్ నొక్కడమే. లోపల పెద్ద మాయేం లేదు, ముందు ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వెనకాల ఆ కంప్యూటర్ ఆరు బైట్ల మ్యాక్ అడ్రస్ 16 సార్లు, మొత్తం 102 బైట్ల మ్యాజిక్ ప్యాకెట్ నెట్‌వర్క్ అంతటికీ పోతుంది, తన అడ్రస్ కనబడ్డ ల్యాన్ కార్డు మాత్రం లేచి కంప్యూటర్‌ని లేపుతుంది. మొదట్లో మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "సార్, గదికి తాళమే ఉంది, లోపల ఫ్యాన్ తిరుగుతున్న సప్పుడొస్తుంది" అన్నాడు.

టూల్‌కి పూర్తి మార్కులు. పరేషాన్ చేసేదంతా అవతలి కంప్యూటరే. బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్) వేక్ ఆన్ ల్యాన్ ఆన్ చేయాలి, ఈఆర్‌పీ అని కరెంటు ఆదా చేసే సెట్టింగ్ ఉంటే ఆఫ్ చేయాలి, డివైస్ మేనేజర్‌లో ల్యాన్ కార్డు పవర్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి కంప్యూటర్‌ని లేపనివ్వాలన్న టిక్కు పెట్టాలి, దాని కిందే మ్యాజిక్ ప్యాకెట్‌కి మాత్రమే లేవాలన్న టిక్కు కూడా పెట్టండి, లేకపోతే ఊరికే లేస్తూ ఉంటుంది. షట్‌డౌన్ చేసినదాన్ని కూడా లేపాలంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేలా చేసే సెట్టింగ్) తీసేయడం మంచిది. అన్నీ చేశాక ఆఫ్ చేసి వెనక్కి పోయి చూడండి, ల్యాన్ పోర్టు దగ్గర లైటు వెలగకపోతే కార్డుకి కరెంటు అందట్లేదన్నట్టే, ఇక ఎన్ని ప్యాకెట్లు పంపినా దండగ.

విండోస్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇట్లా లేచిన కంప్యూటర్ దగ్గర ఎవరూ కీబోర్డు ముట్టకపోతే మామూలుగా రెండు నిమిషాల్లో మళ్లీ పడుకుంటుంది. లేపగానే ఫైలు కాపీ పెట్టేయండి, టీ తాగొచ్చి చూద్దాం అనుకుంటే కుదరదు. పైగా ప్యాకెట్‌కి బదులంటూ ఏమీ రాదు, లేచిందో లేదో పింగ్ చేసి (దాని ఐపీకి ఒక పలకరింపు పంపి) మనమే చూసుకోవాలి.

కరెంటు పోయి వచ్చాక మాత్రం చాలా కంప్యూటర్లు ఒకసారి చేత్తో ఆన్ చేసేదాకా ప్యాకెట్‌ని పట్టించుకోవు. బయోస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. వైఫై మీద ఆశ పెట్టుకోకండి, కేబులే నమ్మకం, గేటు 100 మీటర్లు దాటితే మధ్యలో ఒక స్విచ్ వేయించండి.

ఇంటి నుంచి కూడా లేపొచ్చా అని మా సేటు అడిగాడు. ఆ ప్యాకెట్ మామూలుగా రౌటర్ దాటదు. ఆఫీసులో ఒక్క కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లో ఉంచి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌తో అందులోకి వచ్చి, అక్కడి నుంచి కాంటాది లేపాలి అని చెప్పా. ఆ ఒక్కదాని కరెంటు బిల్లుకి ఆయన ఇంకా ఒప్పుకోలేదు.